రిమార్కుల గడిలో రాసిన కిడ్నీ

1997 ఆగస్టులో నేను బెంగళూరు తూర్పు దిక్కున ఉన్న ఒక గుండె ఆస్పత్రిలో జూనియర్ పర్‌ఫ్యూజనిస్టుగా పనిచేస్తున్నాను. వయసు ముప్పై. ఆ ఉద్యోగం పేరుకు అర్థం మా అమ్మకు చివరిదాకా తెలియలేదు. చుట్టాలు అడిగితే "ఆస్పత్రిలో మోటారు నడుపుతాడు" అనేది. అంత తప్పేమీ కాదు. గుండెను కోసి బాగుచేయాలంటే కాసేపు దాన్ని ఆపాలి. ఆ సేపూ ఒంట్లోని రక్తాన్ని గొట్టాల్లోంచి బయటికి తీసి, ప్రాణవాయువు కలిపి, తిరిగి లోపలికి పంపే యంత్రం ఒకటి ఉంటుంది. మేం దాన్ని పంపు అంటాం. దాన్ని నడిపేవాణ్ణి నేను.

థియేటర్‌లో మా హోదా గురించి కూడా చెప్పాలి. ముందు సర్జన్. తర్వాత మత్తు డాక్టరు. తర్వాత అసిస్టెంట్లు. ఆ తర్వాత పనిముట్లు అందించే స్క్రబ్ సిస్టర్. వీళ్ళందరి వెనక, పంపు పక్కన స్టూలు మీద నేను. పెళ్ళిలో డోలు వాయించేవాడి స్థానం అది. ఆగితే తప్ప ఎవరూ తిరిగి చూడరు.

ప్రతి ఆపరేషన్‌కూ రెండు రోజుల ముందు మేం ఒక కాగితం నింపాలి. దాన్ని పంపు షీటు అంటారు. రోగి ఎత్తు, బరువు, రక్తం గ్రూపు, రక్తం చిక్కదనం, ఏ కొలత గొట్టాలు వాడాలి, ఇవన్నీ అందులో గడులు. అన్నిటికంటే కింద రిమార్కుల గడి. ఆ గడిని నేను సొంత పత్రికలా నడిపాను. "రోగికి ఆపరేషన్ భయం లేదు, మన క్యాంటీన్ ఇడ్లీ భయం ఉంది." "బరువు తూచే యంత్రం చెప్పింది నమ్మవద్దు, నన్నూ అదే తిట్టింది." ఇలాంటివి. మా చీఫ్ సర్జన్ మొదట్లో చదివి నవ్వేవారు. ఆరు నెలలయ్యాక చదవడం మానేశారు. మానేశారని నాకు తెలియదు. రాసేవాడికి ఆ సంగతి అందరికంటే చివర తెలుస్తుంది.

ఆ నెల మా దగ్గరికి వచ్చిన రోగి వెంకటరమణప్పది బెంగళూరు పక్కనున్న హొసకోటె. తాతల నాడు అనంతపురం వైపునుంచి వచ్చి స్థిరపడిన కుటుంబం. వయసు యాభై నాలుగు. రోజూ బస్సులో చిక్కపేటకు వచ్చి, ఒక టోకు బట్టల కొట్టులో బేళ్ళు కట్టేవాడు. చీరల కట్టలను గోనెలో పేర్చి, మోకాలితో అదిమి, దబ్బనంతో కుట్టి, తాడు బిగించడం ఆయన పని. ఆయన కట్టిన బేలు లారీ మీదనుంచి కిందపడినా విడదని పేటలో పేరు. జూలైలో ఒక రోజు బేలు మీద మోకాలు పెట్టి వంగినవాడు అలాగే దానిమీద పడిపోయాడు. కాళ్ళు అప్పటికి నెలరోజులుగా వాస్తున్నాయట. ఎకో పరీక్ష చేస్తే గుండె కుడివైపు పైగదిలో ఒక గడ్డ కనిపించింది. మిక్సోమా అని రాశారు. అంటే గుండె లోపలే పుట్టే మెత్తటి గడ్డ. క్యాన్సర్ కాదు, తీసేస్తే పీడ పోతుంది. అది సాధారణంగా ఎడమవైపు వస్తుంది, కుడివైపు అరుదు. అరుదైనది దొరికిందని మేమందరం కాస్త ఉత్సాహపడ్డాం. అరుదైనది దొరికాక దాని పక్కన ఇంకేముందో ఎవరూ వెతకరు.

మంగళవారం పొద్దున షీటు నింపడానికి వార్డుకు వెళ్ళాను. ఆయన మంచం మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. పక్కన భార్య లక్ష్మక్క ప్లాస్కు మూత తిప్పుతూ ఉంది.

"ఏమప్పా, నువ్వూ డాక్టరేనా?" అన్నాడు.

కాదన్నాను. గుండెను ఆపినప్పుడు దాని పని నా మెషీన్ చేస్తుందని చెప్పాను.

"అంటే బదిలీ కూలీ" అన్నాడు. "మా పేటలోనూ ఉండాడు ఒకడు, నంజప్ప అని. ఎవుడు రాకుంటే వాని బండి లాగుతాడు. మంచోడే. సుమ్నె, ఊరికే, సామాను పడగొడతాడు, అంతే."

"నేను పడగొట్టను."

"వాడూ అట్లే అంటాడప్పా."

నా వృత్తిలో నన్ను జోకులో ఓడించిన మొదటి రోగి ఆయనే. లక్ష్మక్క నవ్వలేదు. "మొగం చూడప్పా, ఎంత ఎర్రగా ఉండాదో" అంది నాతో. "జబ్బు మనిషి మాదిరి ఉండాడా? బస్సులో చూసినోళ్ళు పెండ్లికొడుకు లెక్క ఉండాడంటారు. ఇంత రక్తం ఉండేవానికి గుండెజబ్బు ఎట్ల వచ్చెనో."

ఆ ముఖం నిజంగానే ఎర్రగా ఉంది. నేను చిరునవ్వు నవ్వి, ఎత్తు బరువు రాసుకుని వచ్చేశాను. ఆమె చెప్పింది జబ్బు లక్షణమని నాకు తోచలేదు. రోగి భార్య చెప్పేదానికి మా షీటులో గడి లేదు.

తర్వాత రక్తపరీక్ష కాగితం చూశాను. హెమటోక్రిట్ అని ఒక అంకె ఉంటుంది. నూరు పాళ్ళ రక్తంలో ఎర్రకణాలు ఎన్ని పాళ్ళో అది చెబుతుంది. మగవాళ్ళకు నలభై అయిదు దగ్గర ఉంటే బాగున్నట్టు. మా దగ్గరికి వచ్చే జబ్బుమనుషులకు ముప్పై అయిదు, నలభై. వెంకటరమణప్పకు యాభై ఆరు. పంపు గొట్టాల్లో ముందుగా దాదాపు రెండు లీటర్ల సెలైన్ లాంటి ద్రవం నింపుతాం కాబట్టి రోగి రక్తం పలచబడుతుంది. ఎంత పలచబడుతుందో ముందే లెక్క కట్టడం నా విధి. మామూలుగా ఆ లెక్క పాతిక దగ్గర తేలుతుంది. ఈయనకు ముప్పై తొమ్మిది తేలింది. పంపు మీదికి వెళ్ళాక కూడా ఈయన రక్తం మామూలు రోగి సొంత రక్తమంత చిక్కగా ఉంటుందన్నమాట.

అంత చిక్కటి రక్తం మేం చూడనిదేమీ కాదు. పుట్టుకతో గుండెలో రంధ్రాలున్న పిల్లలకు అలా ఉంటుంది. వాళ్ళకు ప్రాణవాయువు చాలదు, పెదవులు నీలంగా ఉంటాయి, ఒళ్ళు ఎక్కువ ఎర్రకణాలు తయారుచేసుకుని సర్దుకుంటుంది. కానీ ఈయన పెదవులు నీలంగా లేవు. ప్రాణవాయువు నిండుగా ఉంది. లోటు లేనిచోట ఈ సర్దుబాటు ఎందుకు?

నాతో గది పంచుకునే స్నేహితుడు డయాలసిస్ టెక్నీషియన్. కిడ్నీలు పాడైనవాళ్ళకు రక్తం ఎందుకు పలచబడుతుందో భోజనం దగ్గర, నేను అడక్కపోయినా, చాలాసార్లు వివరించాడు. ఎర్రకణాలు తయారుచేయమని ఎముకల మూలుగకు ఆర్డరు పంపేది కిడ్నీయే. కిడ్నీ పడుకుంటే ఆర్డర్లు ఆగిపోతాయి. అది గుర్తొచ్చింది. వెంటనే రిమార్కుల గడిలో నా ధోరణిలో రాశాను: "ఈయన కిడ్నీ ఓవర్‌టైమ్ చేస్తోంది. యూనియన్ వాళ్ళను పిలిపించండి."

రాసి, బాగా వచ్చిందనుకున్నాను. కారిడార్‌లో మత్తు డాక్టరమ్మ ఎదురైతే, "మేడమ్, గురువారం పేషెంటు రక్తం రసంలా కాదు, ముద్దపప్పులా ఉంది" అని కూడా అన్నాను. ఆమె నవ్వి, కాళ్ళ వాపుకు ఇచ్చిన నీటి మాత్రల వల్ల ఒంట్లో నీరు తగ్గి రక్తం చిక్కబడి ఉంటుందని అన్నారు. అది జరిగేదే. నేనూ సరే అనుకున్నాను. అంతటితో ఆ విషయం నా దృష్టిలో ముగిసింది. అనుమానం వచ్చింది, దానిమీద జోకు వేశాను, ఒకరు నవ్వారు. ఇంకేం కావాలి.

గురువారం పొద్దున ఎనిమిదికి ఆయనకు మత్తు ఇచ్చారు. కోత పెట్టేముందు రక్తం నమూనా తీసి నేను మళ్ళీ చూసుకోవాలి. అది పద్ధతి. అప్పటికి రెండు రోజులుగా నీటి మాత్రలు ఆపారు, సెలైన్ ఎక్కించారు. నీరు తగ్గడమే కారణమైతే అంకె దిగాలి. యాభై ఏడు వచ్చింది.

ఇక్కడ ఒక విషయం చెప్పకపోతే తర్వాతది అర్థం కాదు. పంపుకు రక్తాన్ని తీసుకునే గొట్టాలు రెండు. ఒకటి తల, చేతులనుంచి రక్తం తెచ్చే పై సిరలోకి, రెండోది కడుపు, కాళ్ళనుంచి తెచ్చే కింది సిరలోకి. రెండోదాన్ని గుండె కుడి పైగది గోడలోంచి లోపలికి దింపి, కింది సిరలోకి తోస్తారు. గడ్డ పుట్టింది ఆ గదిలోనే అయితే దాన్ని తప్పించుకుని దింపవచ్చు. గడ్డ కింది సిరలోంచే పైకి పాకి వచ్చినదైతే, మనం తోసే గొట్టం దాన్ని నడిమికి విరుస్తుంది. విరిగిన ముక్క ఊపిరితిత్తులకు పోయి అడ్డుపడుతుంది. ఆ తర్వాత నా పంపు చేయగలిగింది తక్కువ.

కింది సిరలోకి కిడ్నీ సిర కలుస్తుంది. స్టూలు మీద కూర్చుని యాభై ఏడు అనే అంకెను చూస్తుంటే, మంగళవారం నేను రాసిన వాక్యం కిడ్నీ దగ్గర మొదలై, ఆ సిర వెంబడి, మెట్టు మెట్టుగా గుండె దాకా ఎక్కి వచ్చింది.

"చీఫ్, ఒక్క మాట" అన్నాను.

చీఫ్ చేతులు కడుక్కుని గౌను వేసుకుంటున్నారు. ఆయన కన్నడిగులు, తెలుగు బాగా వచ్చు, తీరికున్నప్పుడే వాడేవారు. "చెప్పవయ్యా, ఇవాళ జోకేమిటి?" అన్నారు. అసిస్టెంట్లు అప్పుడే నవ్వడం మొదలుపెట్టారు. వాళ్ళ తప్పు లేదు. నేను నోరు తెరిస్తే నవ్వాలని ఏడాదిన్నరగా నేనే నేర్పాను.

"రక్తం చిక్కదనం ఇంకా పెరిగింది. నీటి మాత్రల వల్ల కాదు. కిడ్నీ చూడాలేమో."

"గుండె ఆస్పత్రిలో కిడ్నీ ఎక్కడినుంచి తెమ్మంటావు?" అని ఒక అసిస్టెంటు అందుకున్నాడు. మళ్ళీ నవ్వులు. చీఫ్ గ్లవ్స్ కోసం చేతులు చాచారు.

గ్లవ్స్ అందించాల్సింది సిస్టర్ కరుణమ్మ. బాపట్లావిడ. ఇరవై ఏళ్ళుగా స్క్రబ్ పనిలో ఉంది. ఆదివారం పొద్దున చర్చిలో పాటకు ఎంత నిక్కచ్చిగా నిలబడుతుందో, మిగతా ఆరు రోజులూ పనిముట్ల బల్ల దగ్గర అంతే నిక్కచ్చిగా నిలబడేది. నా జోకులకు ఎప్పుడూ నవ్వని మనిషి ఆమె ఒక్కతే. ఆమె గ్లవ్స్ పట్టుకున్న చేతులు ముందుకు చాచలేదు.

"సార్, ఆ అబ్బాయి నవ్వట్లేదు" అంది.

చీఫ్ తిరిగి నన్ను చూశారు. మాస్కు వెనక నా ముఖం ఎలా ఉందో నాకు తెలియదు గానీ, ఆయన గ్లవ్స్ అడగలేదు. గొంతులోంచి దింపి గుండెను వెనకనుంచి చూసే ఎకో పరికరం మా దగ్గర ఒకటే ఉండేది. కవాటాల ఆపరేషన్లకు తప్ప దాన్ని బయటికి తీసేవాళ్ళం కాదు. దాన్ని తెప్పించారు. మత్తు డాక్టరమ్మ దింపి, తెరను మావైపు తిప్పారు. గడ్డ గుండె గోడకు ఎక్కడా అతుక్కుని లేదు. కింది సిరలోంచి నాలుకలా పైకి వచ్చి, గుండె కొట్టుకున్న ప్రతిసారీ అటూ ఇటూ ఊగుతోంది. తర్వాత కడుపు చూసే స్కాన్ యంత్రం వచ్చింది. కుడి కిడ్నీ ఉండాల్సిన చోట చిన్న కొబ్బరికాయంత గడ్డ ఉంది.

క్యాన్సర్ కిడ్నీలో పుట్టి, దాని సిరలోంచి పెద్ద సిరలోకి, అక్కడినుంచి గుండె గదిలోకి తీగలా పాకింది. ఆ గడ్డే మూలుగకు లేనిపోని ఆర్డర్లు పంపి రక్తాన్ని చిక్కబరిచింది. పెండ్లికొడుకు ముఖానికి కారణం అది.

చీఫ్ పంపు షీటు అడిగారు. రిమార్కుల గడిని గట్టిగా చదివారు. "ఈయన కిడ్నీ ఓవర్‌టైమ్ చేస్తోంది. యూనియన్ వాళ్ళను పిలిపించండి." ఎవరూ నవ్వని జోకులు నేను చాలా వేశాను. అన్నిటిలోకీ నిశ్శబ్దంగా వినబడింది అదే.

"నీకు దొరికింది మంగళవారం. ఇవాళ గురువారం" అన్నారు చీఫ్. ఆ తర్వాత ఆ విషయం ఆయన ఎప్పుడూ ఎత్తలేదు. ఎత్తి ఉంటే సులువుగా ఉండేది.

ఆ రోజుకు ఆపరేషన్ ఆపేశారు. వెంకటరమణప్ప మెలకువ రాగానే ఛాతీ తడుముకున్నాడు. "కోయనే లేదు కదప్పా. మీ బదిలీ కూలీ రాలేదా?" అన్నాడు. చీఫ్ కుర్చీ లాక్కుని కూర్చుని సంగతంతా చెప్పారు. మూత్రంలో రక్తం ఎప్పుడైనా పడిందా అని అడిగారు. పడిందట. సంక్రాంతి ముందు ఒకసారి, ఉగాది అయ్యాక ఒకసారి.

"మరి చెప్పలేదేం?"

"మీరు అడగలేదు కద సార్. ఇది గుండె ఆస్పత్రి. ఇంత పెద్ద డాక్టర్ల ముందర ఉచ్చ సంగతి ఎట్ల చెప్పేది? మర్యాద ఉండొద్దా?"

లక్ష్మక్క ఆయన వైపు చూసిన చూపుకే మనిషి స్పృహ తప్పాలి, మత్తుమందు అక్కర్లేదు.

తొమ్మిది రోజుల తర్వాత ఆపరేషన్ పెట్టుకున్నాం. చెడిన కిడ్నీని తీయడానికి మరో ఆస్పత్రినుంచి కిడ్నీ సర్జన్‌ను రప్పించారు. ఇద్దరు సర్జన్లు, ఒకే రోగి, ఛాతీ నుంచి బొడ్డు కిందిదాకా ఒకే కోత. నాకు రెండు ఆజ్ఞలు. మొదటిది, గడ్డను బయటికి తీసేదాకా కోతలో చేరిన రక్తాన్ని పీల్చి తిరిగి పంపులోకి పంపకూడదు, క్యాన్సర్ కణాలు ఒళ్ళంతా తిరుగుతాయి. ఈ విషయంలో పుస్తకాలది ఏకాభిప్రాయం కాదు. మా థియేటర్‌లో చీఫ్‌ది ఏకాభిప్రాయం. అలా పీల్చే మీట నా చేతికి అలవాటైనది కాబట్టి, పొరపాటున తిప్పకుండా దానిమీద ప్లాస్టరు అడ్డంగా అంటించాను. రెండోది, ఒంటి వేడిని పద్దెనిమిది డిగ్రీలకు దించి, అసలు రక్త ప్రసరణే ఆపేయాలి. సిరను నిలువునా కోసి గడ్డను లాగేటప్పుడు రక్తం పారితే ఏమీ కనబడదు. అంత చల్లబడిన మెదడు అరగంటో, కొంచెం ఎక్కువో రక్తం లేకుండా ఓర్చుకుంటుంది.

థియేటర్‌లోకి తెచ్చినప్పుడు ఆయన పంపును పరీక్షగా చూశాడు. గొట్టాలు కలిసేచోట నేను బిగించిన పట్టీలను చూసి, "ముడి ఎవరు వేసింది?" అని అడిగాడు. నేనే అన్నాను.

"ఊడదు కదా?"

నాకు రెండు జవాబులు తోచాయి. రెండూ నవ్వొచ్చేవే. "ఊడదు. మూడుసార్లు లాగి చూశాను" అన్నాను.

"అట్ల చెప్పు" అని కళ్ళు మూసుకున్నాడు.

చల్లబరచడానికి నలభై నిమిషాలు పట్టింది. తల చుట్టూ మంచు సంచులు పెట్టారు. పద్దెనిమిది డిగ్రీలు చదివి చెప్పాను. ఆపు అన్నారు. పంపు ఆపి, ఒంట్లోని రక్తాన్ని నా డబ్బాలోకి దింపుకుని, గొట్టాలకు క్లాంపులు వేశాను. తెర మీద గీతలన్నీ సాపు అయ్యాయి. గుండె లేదు, ఊపిరి లేదు, పంపూ లేదు. ఆ మనిషి బతికే ఉన్నాడనడానికి ఆ గదిలో ఆధారాలు రెండే: థర్మామీటరు, గడియారం. గడియారం నా చేతిలో ఉంది. అయిదు నిమిషాలకొకసారి చెప్పడం నా పని. అయిదు. పది. పదిహేను. మామూలు రోజుల్లో ఈ విరామంలో నేను ఏదో ఒకటి అనేవాణ్ణి. ఆ రోజు నిమిషాలు తప్ప ఇంకేమీ అనలేదు. ఇరవై దాటాక గుండె గదిలోంచి ఒకరు తోస్తుంటే, కింద సిరలోంచి ఇంకొకరు మెల్లగా లాగారు. గడ్డ జానెడు పొడవున, విరగకుండా బయటికి వచ్చింది. కరుణమ్మ దాన్ని ట్రేలోకి తీసుకుని గుడ్డ కప్పింది. సిర కుట్టి "ఆన్" అనేసరికి ఇరవై ఏడో నిమిషం. క్లాంపులు తీసి పంపు తిప్పాను. రక్తం వెళ్ళింది. ముడులు ఊడలేదు.

ఆపరేషనైన అయిదో రోజు వార్డుకు వెళ్ళి ఆయనకు నిజం చెప్పాను. ఆ సంగతి నేను మంగళవారమే రాశాననీ, జోకుగా రాయడంవల్ల ఎవరూ పట్టించుకోలేదనీ, ఆ గురువారం సిస్టర్ అడ్డుపడకపోతే గొట్టం దింపేవాళ్ళమనీ.

"నేను ఉచ్చ సంగతి దాచిపెట్టింటి. నువ్వు కిడ్నీ సంగతి దాచిపెడితివి. సరికి సరి, బిడప్పా, ఇంక వదిలెయ్" అన్నాడు.

పెద్దమనసుతో అన్నమాటే. కానీ లెక్కలు కట్టడం నా ఉద్యోగం, ఆ లెక్క సరిపోదు. ఆయన దాచింది ఆయన ప్రాణం. నేను దాచిందీ ఆయన ప్రాణమే.

వెంకటరమణప్ప ఆ తర్వాత రెండేళ్ళ నాలుగు నెలలు బతికాడు. అందులో ఏడాదిన్నర చిక్కపేట కొట్టుకు వస్తూనే ఉన్నాడు. బేళ్ళు కట్టేవాడు కాదు; పక్కన కూర్చుని ఇంకొకరు కట్టిన ముడులకు వంకలు పెట్టేవాడని లక్ష్మక్క చెప్పింది. చివరికి క్యాన్సర్ ఊపిరితిత్తుల్లో తేలింది. ఆ జబ్బుకు అది తెలిసిన దారే. మేం ఆయన్ను కాపాడామని చెప్పుకోవడానికి వీల్లేదు. ఆ గురువారం చంపకుండా ఆగామని చెప్పుకోవచ్చు.

నేను రెండేళ్ళ కిందట చీఫ్ పర్‌ఫ్యూజనిస్టుగా రిటైరయ్యాను. జోకులు మానలేదు, మానితే ఇంట్లోవాళ్ళు డాక్టరుకు చూపిస్తారు. కానీ ఆ గడిలో మళ్ళీ ఒక్కటీ రాయలేదు. నా కింద పనిచేసిన జూనియర్ల చేత రిమార్కుల గడిని సంతకానికి ముందు పైకి చదివించేవాణ్ణి. అంకె ముందు చెప్పాలి, అనుమానం తర్వాత చెప్పాలి, ఎవరికి చెప్పారో వాళ్ళ పేరు పక్కన రాయాలి. విన్నవాళ్ళు నవ్వితే చెప్పనట్టే లెక్క. మళ్ళీ చెప్పాలి.